డీఎంఎల్‌టీ సరిపోతుందా, బీఎస్సీ ఎంఎల్‌టీ చదివించాలా? ల్యాబ్ టెక్నీషియన్ దారుల గురించి ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ ఊరు గరివిడి దగ్గర. మీ తమ్ముడు ఈ ఏడాది బైపీసీతో ఇంటర్ పూర్తి చేశాడు. నీట్‌లో సీటు వచ్చేంత మార్కులు రాలేదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నారు. రెండేళ్ల డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) సరిపోతుందా, నాలుగేళ్ల బీఎస్సీ ఎంఎల్‌టీ (అదే విషయంలో డిగ్రీ) చదివించాలా అన్నది మొదటి సందేహం. కాలేజీకి వెళ్లనక్కరలేకుండా ఏడాదిలో వేరే రాష్ట్రపు సర్టిఫికెట్ తెప్పిస్తానంటున్న ఏజెంటును నమ్మవచ్చా అన్నది రెండవది. రక్తం చూస్తే తమ్ముడికి కళ్లు తిరుగుతాయని ఉత్తరం చివర రాశారు, ఆ సంగతి నేను కూడా చివరనే చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, ఇంకో నాలుగేళ్లు మీ ఇల్లు అతని సంపాదన కోసం ఎదురుచూడకుండా ఉండగలిగితే బీఎస్సీ ఎంఎల్‌టీ, ఉండలేకపోతే డీఎంఎల్‌టీ. రెండూ మంచి దారులే. ఏజెంటు దారి మాత్రం దారి కాదు, ఆ డబ్బు పోయినట్టే లెక్క. అయితే ఈ రెండు కోర్సుల మధ్య ఎంపిక కంటే నేను ఎక్కువ బరువు ఇచ్చేది వేరొక విషయానికి: మీరు చేర్పించే కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రి ల్యాబులో రోజుకు ఎన్ని శాంపిళ్లు నడుస్తాయి, వాటి మీద విద్యార్థుల చేతులు పడనిస్తారా అన్నదానికి. ఎందుకో కింద వివరిస్తాను.

నేను ఈ పనిలోకి వచ్చింది మూడవ దారిలో. 1997లో ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ పూర్తి చేసి, శ్రీకాకుళంలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి, మూడు ప్రైవేటు ల్యాబుల్లో, ఆ తరువాత ఏజెన్సీ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసి, ప్రస్తుతం శ్రీకాకుళంలోనే ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబులో ఉన్నాను. ఈ ఒకేషనల్ దారి ఇప్పటికీ ఉంది, కాని అది పదవ తరగతి తరువాత ఎంచుకోవలసినది, పైగా ఇంటర్ అయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్ పూర్తి చేస్తే తప్ప దానికి విలువ లేదు. మీ తమ్ముడు బైపీసీ చదివేశాడు కనుక దాన్ని పక్కన పెడదాం.

డీఎంఎల్‌టీ మన రాష్ట్రంలో పారామెడికల్ బోర్డు కింద నడిచే రెండేళ్ల డిప్లొమా. ఇంటర్ మార్కుల ఆధారంగా సీటు ఇస్తారు, బైపీసీ వారికి తొలి ప్రాధాన్యం. బీఎస్సీ ఎంఎల్‌టీ విజయవాడలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. మూడేళ్లు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మామూలు డిగ్రీ కాలేజీలో చదివే బీఎస్సీ మైక్రోబయాలజీ, బీఎస్సీ బయోకెమిస్ట్రీ దీనికి సమానం కావని గుర్తుంచుకోండి. పేరులో ల్యాబు వాసన ఉందని వాటిలో చేరి, తరువాత ఆసుపత్రి ఉద్యోగాలకు అర్హత లేదని తెలిసి, మళ్లీ డిప్లొమా చేసినవారు నా దగ్గరే ఇద్దరు పనిచేశారు.

ఇక ప్రభుత్వ ఉద్యోగం సంగతి. చాలామంది అనుకునేదానికి ఇక్కడి లెక్క భిన్నంగా ఉంటుంది. మన జిల్లాల్లో ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో జిల్లా వైద్య ఆరోగ్యశాఖ, జిల్లా ఆసుపత్రుల విభాగం, ప్రభుత్వ వైద్య కళాశాలల నోటిఫికేషన్ల ద్వారా భర్తీ అవుతాయి. వీటికి సాధారణంగా రాత పరీక్ష ఉండదు. 100 మార్కుల్లో 75 మీ కోర్సులో వచ్చిన మార్కుల శాతానికి, 10 వరకు కోర్సు పూర్తయిన నాటి నుంచి ఏడాదికి ఒక మార్కు చొప్పున, మిగిలిన 15 ప్రభుత్వంలో అంతకుముందు చేసిన కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సేవకు. ఆ సేవకు ఆరు నెలలకు గిరిజన ప్రాంతంలో 2.5, గ్రామీణ ప్రాంతంలో 2, పట్టణంలో 1 మార్కు ఇస్తారు.

ఈ లెక్కను కాగితం మీద వేసి చూడండి. డిప్లొమా చేసినవాడికి, డిగ్రీ చేసినవాడికి 75 మార్కుల దగ్గర తేడా లేదు, శాతమే లెక్క. పైగా డిప్లొమావాడు రెండేళ్లు ముందుగా బయటికి వస్తాడు కనుక వాడికి ఏడాది మార్కులు ముందే పడడం మొదలవుతుంది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు వైపు ఏజెన్సీలో మూడేళ్లు కాంట్రాక్టు సేవ చేస్తే 15కి 15 వచ్చేస్తాయి, అదే పట్టణంలో చేస్తే ఏడున్నరేళ్లు పడుతుంది. కాబట్టి కోర్సులో వచ్చే ప్రతి మార్కూ తరువాత ఉద్యోగపు మార్కే. పాసైతే చాలు అనుకొని 58 శాతంతో బయటపడి, ఎనిమిదేళ్లుగా మెరిట్ జాబితాలో కింది సగంలో తన పేరు వెతుక్కుంటున్న స్నేహితుడు నాకు ఉన్నాడు. పనిలో అతను నాకంటే నేర్పరి, అయినా జాబితాకు ఆ సంగతి తెలియదు.

మరి బీఎస్సీ ఎందుకు మేలన్నాను? దాని ఫలితం ఉద్యోగంలో చేరిన తరువాత, ఐదారేళ్లకు కనిపిస్తుంది. ఎంఎస్సీ ఎంఎల్‌టీ చేసి బోధనలోకి వెళ్లాలన్నా, విశాఖపట్నంలోని పెద్ద ల్యాబుల్లో సూపర్‌వైజరు, క్వాలిటీ బాధ్యతలకు ఎదగాలన్నా డిగ్రీ అడుగుతారు. రైల్వే నియామకాల్లో ల్యాబ్ అసిస్టెంట్ పోస్టుకు సైన్సుతో ఇంటర్, డీఎంఎల్‌టీ ఉంటే చాలు, మూలవేతనం 21,700 రూపాయలు. ల్యాబొరేటరీ సూపరింటెండెంట్ పోస్టుకు డిగ్రీ స్థాయి అర్హత కావాలి, మూలవేతనం 35,400. సోంపేట, పలాస వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిని చూసి మీ తమ్ముడికి కూడా ఆ ఆలోచన ఉంటే, అక్కడ లైసెన్సు పరీక్షతో పాటు చదివిన సంస్థకు రాసి మరీ పత్రాలను సరిచూసే పద్ధతి ఉంది. రెగ్యులర్‌గా చదివిన డిగ్రీ అక్కడ బాగా పనికొస్తుంది.

ప్రైవేటు ల్యాబుల జీతాల గురించి మిమ్మల్ని మభ్యపెట్టను. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో నాకు తెలిసిన ల్యాబుల్లో కొత్తగా చేరినవారికి నెలకు పదివేలకు అటూ ఇటూగానే ఇస్తున్నారు, డిగ్రీ ఉన్నా పెద్ద తేడా లేదు. రెండు మూడేళ్లు నిలబడి పని నేర్చినవారు మాత్రం దానికి రెట్టింపు అడిగి తీసుకోగలుగుతున్నారు.

అయితే ఆ రెండు మూడేళ్లు ఎక్కడ గడిపారన్నది ముఖ్యం. ఈమధ్య ప్రతి పట్టణంలోనూ శాంపిల్ సేకరణ కేంద్రాలు పెరిగాయి. కుర్రాడికి బైకు, ఐస్ బాక్సు ఇచ్చి ఉదయం ఆరింటి నుంచి ఇళ్లకు పంపుతారు. అతను రక్తం తీస్తాడు, కవరులో పెడతాడు, విశాఖపట్నానికో హైదరాబాదుకో పంపుతాడు. పరీక్ష చేసేది వేరెవరో. నాలుగేళ్లు అలా పనిచేసి మా దగ్గరికి ఇంటర్వ్యూకు వచ్చిన ఒక అబ్బాయి చేతి నేర్పు చూసి ఆశ్చర్యపోయాను. పసిపిల్లలకు సైతం ఒక్క పోటులో నరం దొరకబుచ్చుకునేవాడు. కాని స్మియర్ వేయమంటే, అంటే సూక్ష్మదర్శిని కింద చూడడానికి రక్తపు చుక్కను పలుచగా పరచమంటే, అద్దం పలక మీద రక్తాన్ని గోడకు సున్నం పూసినట్టు పూశాడు. తప్పు అతనిది కాదు, ఎవరూ నేర్పలేదు. మొదటి ఉద్యోగం జీతం తక్కువైనా పరీక్షలు జరిగే చోట వెతుక్కోవాలి.

ఇప్పుడు మొదట చెప్పిన విషయానికి వస్తాను. శాంపిళ్లు నడిచే ఆసుపత్రిలో చదవాలని ఎందుకన్నానో రెండు ఉదాహరణలతో చెబుతాను.

కొన్నేళ్ల క్రితం డెంగ్యూ జ్వరాల కాలంలో ఒక యువకుడి ప్లేట్‌లెట్లు యంత్రంలో 22,000 చూపించాయి. ఇంటివాళ్లు అప్పటికే విశాఖపట్నం తీసుకువెళ్లడానికి కారు మాట్లాడుకున్నారు. ఆ కుర్రాడికి చిగుళ్ల నుంచి రక్తం లేదు, ఒంటి మీద మచ్చలు లేవు, నాకు నమ్మకం కలగలేదు. అదే రక్తంతో స్మియర్ వేసి, రంగు పట్టించి, పలుచని చివరి అంచు దగ్గర చూస్తే ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కొని ఉన్నాయి. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరి రక్తంలో ఇలా జరుగుతుంది. యంత్రం ఆ గుంపులను ప్లేట్‌లెట్లుగా గుర్తించలేదు, లెక్క పడిపోతుంది. అదే పనికి సిట్రేట్ ద్రవం వాడే లేతనీలం మూత ట్యూబులో మళ్లీ రక్తం తీసి, వచ్చిన అంకెను 1.1తో హెచ్చించాను. సిట్రేట్ ద్రవం వల్ల రక్తం ఆ మేరకు పలచబడుతుంది కనుక అలా హెచ్చించాలి. లెక్క 1,68,000 వచ్చింది. డాక్టరుగారు స్మియర్ తాను కూడా చూసి, కారు వెనక్కి పంపించారు.

రెండవది నా కళ్లెదుట జరిగిన పొరపాటు. అప్పుడు నేను పనిచేస్తున్న ఒక ప్రైవేటు ల్యాబులో శిక్షణకు వచ్చిన అమ్మాయి, బయోకెమిస్ట్రీ ట్యూబులో రక్తం చాలలేదని, ఊదా మూత ట్యూబులో మిగిలిన నాలుగు చుక్కలను ఎర్ర మూత ట్యూబులోకి ఒంపింది. పొటాషియం 11 దాటింది, కాల్షియం దాదాపు లేనట్టే వచ్చింది. ఆ రెండు అంకెలు నిజమైతే మనిషి మంచం మీద కూర్చొని టీ తాగుతూ ఉండడు. ఈడీటీఏ ఉప్పులో పొటాషియం ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. రెండు అంకెలు ఎదురెదురు దిశల్లో పరుగెత్తితే ముందు ట్యూబును అనుమానించాలి. ఏ రంగు ట్యూబు తరువాత ఏది నింపాలో పుస్తకంలో ఆ అమ్మాయి చదివే ఉంది, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకొని ఉంటుంది. రోజుకు 200 శాంపిళ్లు చూసే చోట రెండేళ్లు నిలబడి ఉంటే చెయ్యి ఆ ట్యూబు దగ్గరికి పోయేదే కాదు.

అందుకని కాలేజీని ఎంచుకునేటప్పుడు బ్రోషర్ చూడకండి. ఒకరోజు ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య ఆ కాలేజీ చెప్పే ఆసుపత్రికి తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వెళ్లి, రక్త పరీక్షల గది ముందు వరుస ఎంత ఉందో చూడండి. తెల్ల కోట్లు వేసుకున్న విద్యార్థులు ఎవరైనా కనిపిస్తే, ఈ వారంలో మీ చేత్తో ఎన్ని స్మియర్లు వేశారు, ఎన్ని క్రాస్ మ్యాచ్‌లు (రక్తం ఎక్కించే ముందు చేసే పొంతన పరీక్షలు) చూశారు అని అడగండి. జవాబు చెప్పడానికి వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే వెనక్కి వచ్చేయండి. మన వైపు శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి 2008 నుంచి ఉంది, రాగోలులోనూ నెల్లిమర్లలోనూ ప్రైవేటు వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. వీటిలో ఏ కోర్సుకు ఈ ఏడాది సీట్లు ఉన్నాయో నోటిఫికేషన్ చూసుకోవాలి, కాని ఇలాంటి ఆసుపత్రితో ముడిపడిన సీటు దొరికితే హైదరాబాదులో రెండు గదుల కాలేజీ కోసం పరుగెత్తవద్దు.

మన ప్రాంతంలో పనిచేయడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడ దొరికే అనుభవం వేరు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి వచ్చే శాంపిళ్లలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒక అంకె మాత్రమే కాదు, 1.1 నుంచి 1.5కి పెరిగిందంటే ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలగదు. చాలా ల్యాబుల్లో ఈ పరీక్షను పిక్రిక్ ఆమ్లంతో నారింజ రంగు తెప్పించే జాఫే పద్ధతిలో చేస్తారు. రక్తంలో కామెర్ల పసుపు ఎక్కువగా ఉంటే ఈ పద్ధతిలో క్రియాటినిన్ ఉన్నదానికంటే తక్కువగా, కీటోన్లు ఎక్కువగా ఉంటే ఎక్కువగా చూపే అవకాశం ఉంది. ఎండలో ఆటోలో నాలుగు గంటలు తిరిగి వచ్చిన ట్యూబు సంగతి చెప్పనక్కరలేదు. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేరే ద్రవం, చూడగానే రంగును బట్టి ఇది నమ్మదగినదా కాదా అని ఆగి ఆలోచించే టెక్నీషియన్ కావాలి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి కనుక ఈ పని తెలిసినవారి అవసరం మన దగ్గరే ఉంది.

ఏజెన్సీలో అయితే మలేరియా, క్షయ, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్షలు. నేను అక్కడున్న రోజుల్లో వర్షాకాలంలో సాయంత్రానికి మలేరియా స్లైడ్లు డబ్బాలు డబ్బాలుగా వచ్చేవి. మందపు స్మియర్‌లో ఆయిల్ లెన్సు కింద 100 ఫీల్డులు, అంటే లెన్సులో ఒక్కోసారి కనిపించేంత మేర 100 చోట్ల, చూడకుండా నెగెటివ్ అని రాయకూడదు. తెమడ పరీక్షలో క్షయ క్రిమి లేదని చెప్పడానికీ అంతే. 60 ఫీల్డులు చూశాక మెడ పట్టేస్తుంది, కరెంటు పోతుంది, మిగిలిన 40 చూడకుండానే రాసేద్దామనిపిస్తుంది. నాకు ఒకసారి 87వ ఫీల్డులో ఫాల్సిపారం (ప్రమాదకరమైన రకం మలేరియా క్రిమి) రింగు కనిపించింది. ఆనాటి నుంచి లెక్క తప్పించలేదు.

ఏజెంటు సర్టిఫికెట్ గురించి. పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ లేనిదే మన రాష్ట్రంలో ప్రభుత్వ పోస్టుకు దరఖాస్తు నిలవదు. కాలేజీకి వెళ్లకుండా వచ్చిన డిప్లొమాకు ఆ రిజిస్ట్రేషన్ దొరకదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చాక మెడికల్ ల్యాబ్ సైన్సు వృత్తి కూడా దాని కిందికి వచ్చింది. ఆ చట్టం పరిధిలోని కోర్సులను 2025 విద్యా సంవత్సరం నుంచి దూరవిద్యలో నడపకూడదని యూజీసీ ప్రకటించింది. మా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడు 70,000 రూపాయలు పోసి అలాంటి కాగితం తెచ్చుకున్నాడు. మెరిట్ జాబితాలో పేరు వచ్చింది, ఇంట్లో మిఠాయిలు పంచారు, సర్టిఫికెట్ల పరిశీలన రోజున రిజిస్ట్రేషన్ నంబరు అడిగేసరికి బల్ల ముందు నిలబడిపోయాడు. కాలేజీ సరైనదో కాదో తెలుసుకోవాలంటే అనుమతి పొందిన కాలేజీల జాబితాలో దాని పేరు, ఎంఎల్‌టీ కోర్సు, ఈ ఏడాది సీట్ల సంఖ్య మూడూ ఉన్నాయా అని చూడండి. కాలేజీకి అనుమతి ఉండి, ఆ కోర్సుకు లేకపోవడం కూడా జరుగుతుంది.

మరో రెండు చిన్న సంగతులు చెప్పాలి. 4వ తరగతి నుంచి 10వ తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి భద్రపరచండి, స్థానికత కోసం ప్రతి నోటిఫికేషన్‌లోనూ అడుగుతారు, పాఠశాలలు మూతపడ్డాక వాటికోసం తిరగడం నరకం. రెండవది, క్లినికల్ శిక్షణ మొదలయ్యేలోగా హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు, అంటే మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు, పూర్తి చేయించండి. వాడిన సూదికి మూత పెట్టబోయి నేను 2003లో వేలికి గుచ్చుకున్నాను. అప్పటికి టీకా వేయించుకోలేదు. రోగి రిపోర్టు వచ్చేదాకా ఆ రెండు రోజులు అన్నం సహించలేదు. సూదికి మళ్లీ మూత పెట్టకూడదని, గుచ్చుకుంటే వెంటనే చెప్పాలని, హెచ్ఐవీ నివారణ మందులు అవసరమైతే 72 గంటల లోపలే మొదలుపెట్టాలని ఇప్పుడు మొదటి రోజే నేర్పుతున్నారు, సంతోషం.

తరువాత సొంత ల్యాబు పెట్టుకోవచ్చా అని కూడా ఒక మాట అడిగారు. పెట్టుబడి, రిజిస్ట్రేషన్, బయోమెడికల్ వ్యర్థాల ఒప్పందం ఉంటే పెట్టుకోవచ్చు, కాని టెక్నీషియన్ తన సంతకంతో రిపోర్టు ఇచ్చే వీలు లేదు. పాథాలజీలో పీజీ చేసిన డాక్టరు సంతకం ఉండాలని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాథాలజిస్టు దొరకడం మన జిల్లాల్లో తేలిక కాదు కనుక దాన్ని ఇప్పుడే లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక రక్తం చూస్తే కళ్లు తిరగడం. దానికి భయపడకండి. కొత్త బ్యాచిలో ప్రతి ఏడాదీ ఒకరిద్దరు మొదటి వారంలో కూలబడతారు. ఉదయం ఏమీ తినకుండా రావడం, గదిలో గాలి లేకపోవడం అందులో సగం కారణాలు. ఇడ్లీ తిని రమ్మంటాం, ముందు కొన్నాళ్లు ట్యూబులకు లేబుళ్లు అంటించే పని ఇస్తాం, నెల తిరిగేసరికి ఎక్కువమందికి అది పోతుంది.

దానికంటే ముందు మీరు చూపించుకోవలసింది తమ్ముడి కళ్లు, రంగుల విషయంలో. మా దగ్గరకు వచ్చిన ఒక తెలివైన విద్యార్థి క్షయ స్లైడులో నీలం నేపథ్యం మీద ఉండే గులాబీ రంగు క్రిములను ఎంత చూపించినా గుర్తించలేకపోయాడు. సూక్ష్మదర్శినిలో లోపం ఉందనుకొని దాన్ని మార్చాం, బల్బు మార్చాం, చివరికి కంటి డాక్టరు దగ్గరికి పంపితే ఎరుపు, ఆకుపచ్చ రంగులు సరిగా తెలియని లోపం పుట్టుకతోనే ఉందని తేలింది. అప్పటికి అతను రెండవ ఏడాదిలో ఉన్నాడు, ఫీజు మొత్తం కట్టేశారు. చుక్కల్లో అంకెలు దాగి ఉండే ఇషిహారా పుస్తకంతో ఈ పరీక్ష ఐదు నిమిషాల్లో అయిపోతుంది, కంటి వైద్య విభాగం ఉన్న ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా అడిగి చేయించుకోవచ్చు. సీటుకు డబ్బు కట్టేలోపే అది చేయించండి.